దీపాలార్పే సోయిజిక్ మేడమ్

మా సోయిజిక్ మేడమ్ కంటపడిన ఏ దీపమూ ఎక్కువసేపు వెలగలేదు. ఎవరిల్లు, ఎవరి దీపం అన్న పట్టింపు ఆవిడకు లేదు. టక్కున మీట నొక్కి, "వెలుగు తగిలితే రంగు చస్తుంది!" అని గద్దించేది.

ఫ్రాన్స్‌లో రోస్కాఫ్ పక్కన మా రేవులో, సముద్రపు నాచు నుంచి తినే రంగులు తీసే చిన్న కార్ఖానాకు ఆవిడే పెద్ద దిక్కు. సముద్రం వెనక్కి తగ్గే ఆటు సమయంలో రాళ్లమీంచి కోసుకొచ్చి మేము వెన్నతో తినే ఎర్రనాచే ముడిసరుకు. దాన్ని చల్లటి నీళ్లలో రుబ్బి, గుడ్డలో వడగట్టి, ఉప్పు కలిపితే రంగు ముద్దగా అడుగుకు దిగుతుంది. ఆ ముద్దను కరిగించి పొడవాటి గాజు గొట్టంలోంచి బొట్లుబొట్లుగా సీసాల్లోకి దింపుతాం. అందులో శుద్ధమైన ఎరుపున్న సీసాలు ఏరడం నా పని. ఒక్క తప్పు సీసా కలిసిందా, మొత్తం గోవిందా.

ఏరడమంతా చీకటిగదిలో, ఊదాదీపం కిందే జరగాలని మేడమ్ శాసనం. ఆ దీపం కింద మంచి రంగు నిప్పుకణికలా మెరుస్తుంది. చెత్త మెరవదు.

కార్ఖానాలో ఆర్పితే సరే. ఓ ఆదివారం, క్రేపులనే పల్చటి అట్లు వేసే హోటల్లో జనం తింటుండగా ఆర్పేసింది. యజమానురాలు అజెనోర్ చీకట్లోంచే అరిచింది.

"మేడమ్! ఇక్కడ ఏ రంగు చస్తుందండీ?"

"నీ జామ్ రంగు."

"అది డబ్బాలో వచ్చిన జామ్!"

"అయితే ఎప్పుడో చచ్చింది. వేసుకో దీపం."

సొంత మనవడి బాప్తిజంలో ఫాదర్ గారు వెలిగించిన కొవ్వొత్తి చేతికిస్తే ఉఫ్‌మని ఊదేసింది.

"అమ్మా, అది క్రీస్తు వెలుగు!" అన్నాడాయన గుండె బాదుకుని.

"చూశాం కదా ఫాదర్. ఇక చాలు."

ఊరంతా ఆవిణ్ణి చూసి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి గానీ, లోపల మాత్రం ఆ పిచ్చికి రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణి. ఎందుకంటే నాకు పుట్టుకతోనే ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా రంగుల కార్ఖానాలో చేరాను. నాకు ఆ పనంటే ప్రాణం. చీకటిగదిలో రంగు తెలియాల్సిన అవసరం లేదు, మెరుపు కనబడితే చాలు. ఆ చీకటే లేకపోతే నా ఉద్యోగం లేదు.

అలాంటిది, కొత్త మేనేజరు కెర్‌గ్రిస్ట్ గారు వచ్చీరాగానే చీకటి మీద పడ్డాడు.

"ఈ తడుములాటలేమిటయ్యా రివాల్? ఎరుపును ఎరుపని చెప్పడానికి రెండు కళ్లు చాలవూ? ఇవాళ్టి నుంచి దీపాల కిందే ఏరాలి. కానియ్, నువ్వే మొదలుపెట్టు. చూస్తా."

దీపాలన్నీ వేసేశాడు. నా ముందు సీసాలన్నీ ఒకే కుడితిలా కనిపించాయి. ఒకటి పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంకోటి పట్టుకోబోయాను. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఏమయ్యా, ముహూర్తం చూసుకుంటున్నావా?"

టక్!

చిమ్మచీకటి. మేనేజరు తూలి, కడిగిపెట్టిన నాచు తొట్టిలో చతికిలబడ్డ చప్పుడు వినిపించింది.

"వెలుగు తగిలితే రంగు చస్తుంది!" అంది మేడమ్ గుమ్మంలోంచి.

"ముందు నేను చచ్చేలా ఉన్నాను! దీపం వెయ్యండి!"

"వేస్తా. సగం సీసాలు మీరు పట్టుకెళ్లి ఎండలో ఏరండి. సగం మావాడు చీకట్లో ఏరతాడు. ఎవరిది శుద్ధమైందో కొలిచే యంత్రం చెబుతుంది. మావాడు ఓడితే రేపట్నుంచి ఇక్కడ పెళ్లిపందిరంత వెలుగు పెట్టుకోండి."

ఆవిడ ధీమా చూస్తే నాకే ధైర్యం వచ్చింది. ఊదాదీపం కింద మెరిసినవి చకచకా తీశాను, మసకగా ఉన్నవి వదిలేశాను. మేనేజరు మాత్రం కాస్త ఎర్రగా ఉన్నదల్లా పోగేసుకొచ్చాడు. యంత్రం నా రంగే చాలా శుద్ధమైందని తేల్చేసింది. ఆయన ప్యాంటుకు అంటిన నాచు దులుపుకుంటూ, "సరే, మీ చీకటి మీరే ఏలుకోండి" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మేడమ్ కిటికీ దగ్గర కాఫీ తాగుతోంది. ఆవిడ పక్కనే, నేను ఏరిన సీసా ఎండలో ఉంది.

"మేడమ్! వెలుగు!" అని పరిగెత్తాను.

"కంగారుపడకు. రోజుల తరబడి ఎండలో పెడితే పాడవుతుంది గానీ, కాఫీ తాగేలోగా ఏమీ కాదు."

"మరి ఏరేటప్పుడు చీకటెందుకు?"

"నువ్వు చేరిన రోజు గోధుమరంగు నాచును మరిగే నీళ్లలో ముంచి చూపించాను, గుర్తుందా? ముంచగానే ఆకుపచ్చగా మారుతుంది. అందరూ 'ఆహా' అంటారు. నువ్వూ అన్నావు."

"అన్నాను కదా, మరింకేం?"

"అప్పటికి నాచు ఇంకా నా చేతిలోనే ఉందిరా, నీళ్లలో ముంచనే లేదు!"

అంటే నా సంగతి ఆవిడకు మొదటిరోజు నుంచే తెలుసు. అయినా అడిగాను. "మరి హోటల్లో, చర్చిలో ఎందుకు ఆర్పడం?"

"ఒక్క నీ గదిలోనే ఆర్పితే జనం కారణం వెతుకుతారు. ఊరంతా ఆర్పితే పిచ్చిదని వదిలేస్తారు."

నాకు నవ్వొచ్చింది. థాంక్స్ చెప్పబోయాను. ఆవిడ కప్పు కింద పెట్టి కసిరింది.

"దయా గియా ఏం లేదు. నాకు సరిగ్గా ఏరేవాడు కావాలి, నువ్వు ఏరుతున్నావు. పద, అవతల గొట్టం ఎండిపోతోంది."