జయరాముడు చూసిన కమారో

జయరాముడు ఏ బండి చూసినా ఒక్క మాటే చెప్పేవాడు. తీసుకో, లేదంటే వద్దు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు. ప్రొద్దుటూరు బస్సు డిపోలో బస్సుల కింద పడుకుని నేర్చుకున్న విద్య అది, మాటల్లో పెట్టడం తనకు రాదనేవాడు. 1991 నాటికి మస్కట్‌లోని రూవిలో పాతబండి కొనదలచిన తెలుగువాళ్ళూ, మలయాళీలూ, కొందరు ఒమానీలూ అతణ్ణి వెంటబెట్టుకోకుండా బయలుదేరేవాళ్ళు కాదు. అతని అసలు డ్యూటీ మాత్రం సిమెంటూ ఇనుమూ అమ్మే ఒక ఒమానీ షావుకారు ఇంట్లో డ్రైవరు. అక్కడి మాటలో అర్బాబు.

ఆ ఇంటి చిన్నకొడుకు అజ్జాన్‌ను ఏళ్ళ తరబడి బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది జయరాముడే. లైసెన్సు చేతికొచ్చిన వారానికే అజ్జాన్‌కు సముద్రానికి దూరంగా ఉన్న ఇబ్రా ఊళ్ళో ఒక కమారో అమ్మకానికుందని తెలిసింది. అరవైతొమ్మిది మోడల్ అమెరికా కారు. తలుపులు రెండే. ఇంజను మాత్రం లారీకి సరిపోయేంత. జయరాముడు తీసుకోమంటే కొంటానని, వద్దంటే ఆ ఊసే ఎత్తనని వాడు తల్లికి మాటిచ్చాడు.

బయలుదేరే రోజు పొద్దున, వంటపని చేసే రాయచోటి రామసుబ్బమ్మ జయరాముణ్ణి వంటింటి గుమ్మం దగ్గర ఆపింది.

"అన్నా, మామా నీకొక మాట చెప్పమనింది." ఇంటావిడను పనివాళ్ళంతా మామా అనేవాళ్ళు.

"ఏందది?"

"ఆ బండి బాగలేదని చెప్పల్లంట."

"బాగుంటే?"

"బాగున్నా బాగలేదనే చెప్పల్లంట. అంత కష్టమా నాయనా? శుక్రారం పూట ఆమె వండిన కూర బాగుందని నేను చెప్తాండ్లా?"

"కూర వేరే సుబ్బమ్మా."

"నువ్వా కూర తిన్లా. అందుకే వేరే అంటాండావు."

జయరాముడికి అబద్ధం చెప్పడం రాక కాదు. అర్బాబుకు వారానికి రెండైనా చెప్పేవాడు. బండి విషయంలో మాత్రం ఎన్నడూ చెప్పలేదు, చివరికి సొంత తమ్ముడికి కూడా. తమ్ముడు వీరబ్రహ్మం ఊళ్ళో ఒక పాత మోటారుసైకిలు బేరమాడినప్పుడు చూసి తీసుకోమన్నది అతనే. నెల తిరక్కముందే వీరబ్రహ్మం మైదుకూరు రోడ్డులో పోయాడు. బ్రేకులు పడలేదని జనం అనుకున్నారు. కర్మలయ్యాక జయరాముడు వెళ్ళి ఆ బండిని మళ్ళీ చూశాడు. బ్రేకులు బాగున్నాయి. బండిలో ఏ లోపమూ లేదు. ఉండుంటే వాడు అంత వేగం పోగలిగేవాడు కాదు.

అందుకని ఇబ్రా దాకా, ఆ కారులో ఏదో ఒక లోపం ఉండాలని కోరుకుంటూనే బండి నడిపాడు. అలాగైతే అజ్జాన్ బతుకుతాడు, తన మాటా నిలుస్తుంది.

కారు సొంతదారు హమూద్ అనే ముసలాయన. వయసులో ఉండగా కువైట్‌లో పనిచేసి, ఆ కారునే తోలుకుంటూ ఇంటికి తిరిగొచ్చినవాడు. ఖర్జూరపు చెట్ల పక్కన రేకుల షెడ్డు కింద నిలబెట్టాడు దాన్ని.

జయరాముడు ముందు బానెట్ మీద చెయ్యేశాడు. చల్లగా ఉంది. బేరగాళ్ళొస్తున్నారని, లోపం తెలియకుండా ముందే ఇంజను వేడిచేసి పెట్టలేదన్నమాట. రుమాల్లో చుట్టిన అయస్కాంతం తీసి తలుపుల మీదా మడ్‌గార్డుల మీదా ఆనించాడు. దెబ్బ తగిలి పుట్టీ నింపిన చోటైతే అయస్కాంతం పట్టదు. అంతటా పట్టింది. కిందికి దూరాడు. మస్కట్‌లో అయితే సముద్రపు గాలికి ఈపాటికి అడుగు రేకు చిల్లులు పడేది. ఇబ్రా గాలి పొడిగాలి. తుప్పు లేదు. ఇంజను ఆయిలు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూశాడు. మాడు వాసన కూడా లేదు. డాష్‌బోర్డు ఎండకు బీటలు వారి ఉంది. అది చూడగానే కొంచెం ధైర్యం వచ్చింది గానీ, డాష్‌బోర్డు బీటలు వారిందని బండి వద్దనే మెకానిక్కును లోకం ఎక్కడా చూడలేదు.

రోడ్డెక్కించాడు. స్టీరింగు వదిలితే గీత గీసినట్టు పోయింది. బ్రేకు తొక్కితే ఏ పక్కకూ లాగకుండా నిలబడింది. కాలు కాస్త ఆనిస్తే వీపు సీటుకు అతుక్కుపోయింది. పక్కన అజ్జాన్ పగలబడి నవ్వాడు. జయరాముడు వెంటనే కారు వెనక్కి తిప్పాడు.

చాప మీద కూర్చున్నాక హమూద్ ముందు ఖర్జూరాలు పెట్టి, తర్వాత చిన్న పింగాణీ గిన్నెలో కాఫీ పోసి అందించాడు. జయరాముడి వేళ్ళకు గ్రీజుంది. తుడుచుకుందామని గిన్నె చాప మీద పెట్టాడు. పెట్టి, ఏ మాట చెప్పాలా అన్న ఆలోచనలో పడి, తుడుచుకోవడమూ మరిచిపోయాడు, తాగడమూ మరిచిపోయాడు.

హమూద్ పోయడం ఆపి కూజా కింద పెట్టాడు.

"ఏం కావాలి నీకు?" అన్నాడు ముసలాయన.

"ఏమీ అక్కర్లేదు."

"అడుగు. నా చేతనైతే ఇస్తాను. ఇచ్చాకే తాగుదువుగాని."

అజ్జాన్ ముఖం కందిపోయింది. పళ్ళ బిగువున హిందీలో అన్నాడు: "గిన్నె ఎందుకు కింద పెట్టావు? ఇంటాయన్ని ఏదైనా కోరాలనుకున్నవాళ్ళే అట్లా పెడతారు. ఆయన మాటిచ్చేదాకా ముట్టరు. నువ్వు అడక్కపోతే ఆయనకు అవమానం. ఏదో ఒకటి అడుగు, నీళ్ళడుగు!"

అర్బాబు ఇంట్లో అన్నేళ్ళూ జయరాముడు కాఫీ తాగింది వంటింట్లో, స్టీలు గ్లాసులో. ఈ పద్ధతి అతనికి ఎవరూ చెప్పలేదు. గిన్నె వంక చూశాడు. అజ్జాన్ వంక చూశాడు. తనకొచ్చిన కొద్దిపాటి అరబ్బీలో అడిగాడు:

"ఈ బండి ఈ పిల్లవాడికి అమ్మొద్దు."

"రామ్!" అని అరిచాడు అజ్జాన్.

హమూద్ గడ్డం నిమురుకున్నాడు. "బండిలో లోపం ఉందా?"

"లేదు."

"చిన్న లోపం కూడానా?"

"లేదు."

"నేను దీన్ని తెచ్చిన రోజు మా అమ్మా ఇదే గొడవ చేసింది," అన్నాడు ముసలాయన. "ఏడ్చింది, అరిచింది. కాఫీ గిన్నె కింద పెట్టాలని మాత్రం ఆమెకు తట్టలేదు. తాగు. వీడికి అమ్మను."

జయరాముడు తాగాడు. చల్లారిపోయింది.

తిరుగుదారిలో అజ్జాన్, చిన్నప్పటిలా, వెనకసీట్లో కూర్చున్నాడు. బిద్‌బిద్ ఊరు దాటాక అడిగాడు:

"నిజం చెప్పు. నీ కోసమైతే తీసుకునేవాడివా?"

"తీసుకునేవాణ్ణి."

"అయితే నా మీద నీకేం పగ?"

జయరాముడు అద్దంలోకి చూశాడు. కారణాలు చెప్పడం అతనికెప్పుడూ అలవాటు లేదు. అజ్జాన్ ఏసీ తగ్గించమన్నాడు. తగ్గించాడు.

రెండు నెలల తర్వాత వాడు జయరాముడికి చెప్పకుండా, పంతం కొద్దీ, ఒక చిన్న జపాను కారు తెచ్చుకున్నాడు. ఇంజను అరిగిపోయిన కారు. చూపించి ఉంటే జయరాముడు గేటు దగ్గరే వద్దనేవాడు. అరవై దాటితే తలుపులతో సహా వణికేది. మామా దాన్ని చూసి రామసుబ్బమ్మ చేత హల్వా చేయించింది.

ఆ కారు నెలకోసారి మొరాయించేది. జయరాముడు ఎండలో దాని కింద పడుకుని ఎంతో ఇష్టంగా బాగుచేసేవాడు. మరీ బాగా మాత్రం చేసేవాడు కాదు.