పక్కవాళ్ల పేరు

నిన్న మైలాపూరులోని తిరుమయిలై స్టేషన్‌లో బండి బ్రేకు కీచుమన్న చప్పుడుకు నా ఎడమ చెయ్యి దానంతటదే ముడుచుకుంది. అందులో ఎవరి చెయ్యీ లేదు. అయినా చెమట పట్టిన ఒక చిన్న చెయ్యి తగిలినట్టే అనిపించింది. ఆ స్టేషన్ మెట్లెక్కినప్పుడల్లా నాకు ఎస్తేరు మిస్ గుర్తొస్తారు.

ఆవిడ చూలై పేటలో ఒక చిన్న తెలుగు బడిలో మూడో తరగతి టీచరు. నేను ఆ పక్క వీధిలో లేత్ వర్క్‌షాపులో కొలతలు, ధరలు కట్టేవాణ్ణి. నా చదువు ఎనిమిదితో ఆగింది. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. వర్క్‌షాపు మూతపడ్డాక, పిల్లలకు ఎక్కాలూ కూడికలూ చెప్పడానికి మిస్‌కు సాయంగా ఉండమని బడివాళ్లు పిలిచారు. నలభై దాటాక మళ్లీ ఒక టీచరమ్మ చేతి కింద పడ్డాను.

ఆవిడ హాజరు తీసే పద్ధతి నాకు మొదటిరోజే కొరుకుడు పడలేదు. పిల్లలు నేలమీద గుండ్రంగా కూర్చోవాలి. ఎవరి పేరు వాళ్లు చెప్పుకోకూడదు. పక్కనున్నవాళ్ల పేరు చెప్పి, వాళ్ల గురించి ఒక కబురు చెప్పాలి. "మోహన్ వచ్చినాడు మిస్, వాళ్ల తమ్ముడికి పన్ను వచ్చినాది." "కవిత వచ్చినాది మిస్." "కబురేదిరా?" "ఇయ్యాల తల దువ్వుకోలా మిస్." అందరూ నవ్వేవాళ్లు. ఆఖరున కూర్చున్నవాళ్లు పెద్దవాళ్లమైన మా ఇద్దరి పేర్లు చెప్పాలి. ఈలోగా నా ఎక్కాల సమయం సగం కరిగిపోయేది.

"తలలు ఎంచితే ఒక్క నిమిషం పని అక్కా," అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"ఎంచితే నీకు తెలుస్తాది దామూ. వాళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలియాల గదా," అన్నారు, సుద్దముక్క చేతికిస్తూ.

ఆ ఏడు మధ్యలో సత్యవతి వచ్చి చేరింది. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి భవనాల పనికి వచ్చాడు. మొదటిరోజు ఆ పిల్ల "నాను రాసీసినాను" అనగానే తరగతంతా గొల్లుమంది. మిస్ కోప్పడలేదు. "నవ్వేదేంది దీంట్లో? వీధిలోకి పోతే మీరు తమిళ్‌లో నేను అనేదానికి నాన్, నాన్ అనరా? ఆ పిల్ల వచ్చేటప్పుడే సగం తమిళ్ నేర్చుకొని వచ్చినాది," అన్నారు. నవ్వు ఆగింది గానీ సత్యవతి నోరు కూడా మూతపడింది. తన వంతు వచ్చినప్పుడు పక్కనున్న యమున చెవిలో గుసగుసలాడేది. యమున ఇద్దరి మాటలూ తానే చెప్పేది. ఆ పిల్ల ఎక్కడ బడి మానేస్తుందోనని నా దిగులు. "గట్టిగా మాట్లాడించు అక్కా," అంటే, "నోరు దానిది. తెరిచేది అదే తెరుస్తాది," అన్నారు మిస్.

నవరాత్రికి ముందు పిల్లలను మైలాపూరులో కొలువు బొమ్మల అంగళ్లు చూపించడానికి తీసుకెళ్లాం. తిరుగు ప్రయాణంలో తిరుమయిలై స్టేషన్ మెట్ల మీద ఇంకో బడి పిల్లలు మాతో కలిశారు. వాళ్లవీ మావాళ్లవీ ఒకేలాంటి నీలం గళ్ల బట్టలు. పైకి చేరాక నేను వరుస పొడుగునా రెండుసార్లు ఎంచాను. లెక్క సరిపోయింది.

"అందరూ ఉండారు అక్కా."

"సరి. బండి వచ్చేలోగా పేర్లు చెప్పండి పిల్లకాయలూ," అన్నారు మిస్.

పేర్లు వరుసగా నడిచి యమున దగ్గర ఆగాయి. "మిస్, ఈ పాప ఎవురు? మన సత్య ఏది?"

యమున పక్కన నిలబడిన కొత్త పిల్ల పెదవి వంచి, తమిళంలో వాళ్ల మిస్ కోసం ఏడుపు అందుకుంది. నా లెక్క తప్పలేదు. తప్పకుండానే ఒక పిల్ల పోయింది.

"దానికి దూరం కనపడదు మిస్," అంది యమున. "బోర్డు మీదుండేది నేనే చెవిలో చెప్తా. బట్టల రంగు చూసి ఆ పిల్లకాయల ఎనకాల పోయుంటాది."

"ఇన్నాళ్లూ చెప్పలేదేందే?"

"చెప్పబోతే గిల్లింది మిస్!"

పట్టాలకు అవతలి ప్లాట్‌ఫారం మీద నీలం గళ్లు గుంపుగా కనిపించాయి. ఆ ప్లాట్‌ఫారానికి వేలచ్చేరి బండి వస్తున్నదని మైకులో చెబుతున్నారు. "దామూ, ఆ పాపను ఎత్తుకొని పరిగెత్తు. పిల్లకాయలూ, మీరు పిలవండి!" అన్నారు మిస్. ఏడుస్తున్న పిల్లను చంకనేసుకుని మెట్లు దిగుతుంటే, నా వెనక తరగతంతా ఒక్క గొంతుతో "సత్యా!" అని అరిచింది. అవతల నుంచి జవాబు వచ్చింది. "నానిక్కడే ఉన్నానూ!"

అంత గట్టి గొంతు ఆ పిల్లకు ఉందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. నేను పైకి చేరేసరికి బండి కీచుమంటూ ఆగుతోంది. వాళ్ల టీచరమ్మ సత్యవతి భుజం పట్టుకుని నిలబడి ఉంది. ఎవరి పిల్లను వాళ్లం తీసుకున్నాం. నా అరచేతిలో సత్యవతి చెయ్యి చెమటతో జారుతోంది. ఆ చెమట ఎవరిదో చెప్పలేను.

మా ప్లాట్‌ఫారానికి తిరిగి వచ్చాక మిస్ ఆ పిల్లను ఒక్కసారి దగ్గరకు తీసుకుని, ఆగినచోటి నుంచే పేర్లు మొదలుపెట్టించారు. "సత్య వచ్చినాది మిస్," అంది యమున, ముక్కు తుడుచుకుంటూ. ఆఖరున ఉన్నది సత్యవతే. యమున చెవి దగ్గరకు వంగబోయి, ఆగింది.

"లెక్కల సార్ వచ్చినారు మిస్. ఆయాసపడతన్నారు."

అందరూ నవ్వారు. ఈసారి తనూ నవ్వింది. కొన్నాళ్లకు ఆ పిల్లకు కళ్లజోడు వచ్చింది. బోర్డు మీదిది చెవిలో చెప్పడం మాత్రం యమున మానలేదు.

ఎస్తేరు మిస్ రిటైరయి ఆవడిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. కొత్త టీచరు వచ్చినా పొద్దుటి హాజరు నాకే వదిలేసింది. నేను ఇప్పటికీ ముందు తలలు ఎంచుతాను. అలవాటు పోదు. లెక్క సరిపోయినా ఊపిరి మాత్రం వదలను. నేలమీద కూర్చుంటాను. పేర్లూ కబుర్లూ నెమ్మదిగా చుట్టూ తిరుగుతాయి. ఆఖరి పిల్ల నావైపు చూసి, "లెక్కల సార్ వచ్చినారు," అన్నాకే లేచి సుద్దముక్క తీసుకుంటాను.