ఘాటీలో రెండో గేరు

ఆ కారు మాటెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మాది సాలూరు. లారీ కొన్నా, కారు కొన్నా, ఒడిశా వెళ్లే కొండదారి, ఆ ఘాటీ ఎక్కి పైనున్న అమ్మవారి దగ్గర కొబ్బరికాయ కొట్టి దిగితే గాని బండి మనది కాదంటారు మావాళ్లు. మావయ్య కొడుకు, నాకు బావ, విశాఖలో కాంట్రాక్టులు చేసుకుంటూ సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారొకటి కొన్నాడు. పూజకు బయలుదేరాం. ముందు సీట్లో మావయ్య, జీవితమంతా లారీ నడిపిన మనిషి. వెనక అమ్మమ్మ, నేను. నా ఒళ్లో పుస్తకం. ఎవరితోనూ మాట్లాడకుండా ఉండడానికి నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

ఊరు దాటాక, తిన్నని రోడ్డు మీద బావ గేరు రాడ్‌ను పక్కకు నెట్టి వెనక్కి లాగాడు. ఇంజను గర్జించింది. పక్కన మేస్తున్న మేకలు చెదిరిపోయాయి.

"సూసావేటే పుస్తకాల పురుగూ? ఆటోమేటిక్కే గానీ, కావాలంటే సేత్తో గేర్లు మార్సుకోవచ్చు. ఇలా లాగితే కిందకి, అలా తోస్తే మీదకి. వీడియో తియ్యవే, వాట్సాప్‌లో పెడదాం."

పూజయ్యాక, దిగేటప్పుడు మాత్రం బావ ఆ రాడ్ జోలికే పోలేదు. మలుపు మలుపుకీ కాలు బ్రేకు మీదే. ఘాటీ చిన్న గేరులో దిగాలని సాలూరులో పిల్లలకు కూడా తెలుసు. బ్రేకొక్కదాన్నే నమ్ముకుంటే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. కాసేపటికి కాలిన వాసన మొదలైంది.

"బావా, గేరు తగ్గించు. ఇందాక లాగావు కదా, అలాగ."

"ఒసే, ఇదేటి లారీ అనుకున్నావేటి? ఫారెన్ బ్రేకులివి. నోర్మూసుకుని సదూకో."

మావయ్య వైపు చూశాను. ఆయన కుడికాలు తన ముందు లేని బ్రేకును తొక్కుతోంది. ఆయనకు తెలుసు.

"మావయ్యా, నువ్వయినా సెప్పు."

"ఆడి బండి. ఆడికి తెల్దేటే?" అన్నాడు, కిటికీలోంచి లోయలోకి చూస్తూ.

తర్వాతి మలుపులో బావ కాలి కింద బ్రేకు అడుగంటా దిగిపోయింది. కారు మాత్రం ఆగలేదు.

"నాన్నా, పట్టట్లేదు!"

అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. విడిపించుకుని, సీట్ల మధ్యలోంచి వంగి, రాడ్‌ను పక్కకు నెట్టి వెనక్కి లాగాను. మళ్లీ లాగాను. రెండో గేరు. ఇంజను అరిచింది, అందరం ముందుకు తూలాం, కారు నెమ్మదించింది. అక్కణ్నుంచి కిందిదాకా ఆ గేరులోనే దిగాం.

కింద ఆపగానే బావ నా మీద విరుచుకుపడ్డాడు.

"అడక్కుండా సెయ్యెడతావా? ఇంజను పాడైతే ఎవడు బాగుసేస్తాడే?"

మావయ్య దిగి చక్రాలు చూశాడు. "పోన్లేరా, బండి బాగానే ఉన్నాది."

బండి! వెనక సీట్లో ఆయన కన్నతల్లి వణికిపోతోంది. ఆయన అటు తిరిగి చూడనైనా లేదు.

నాకు ఏడుపు రాలేదు. కోరాపుట్ నుంచి సాలూరు వస్తున్న బస్సుకు చెయ్యెత్తి, అమ్మమ్మను ఎక్కించి, నేనూ ఎక్కాను.

బస్సులో ఊపిరి కుదుటపడ్డాక అమ్మమ్మ అన్న మొదటి మాట ఇది. "మగోడు బండి తోల్తుంటే నువ్వు గేరు లాగీసేవు. ఇంట్లో ఎవులికీ సెప్పకే. మీ మావ పరువు పోతాది."

బావ అన్న మాటలన్నీ కలిపినా నన్ను అంతగా మండించలేదు. ఈవిడ ప్రాణం కోసమే కదా నేను చెయ్యి పెట్టింది.

"సెప్తాను అమ్మమ్మా," అన్నాను.

చెప్పాను. వసారాలో అత్త, అమ్మ, వచ్చిన చుట్టాల ముందు నిలబడి చెప్పాను. నలుగురిలో నోరు విప్పని దాన్ని, ఆపకుండా చెప్పాను. మావయ్యకు అంతా తెలిసీ కొడుకు పరువు కోసం వాణ్ని వారించలేదన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. నేను ఆ మాట మళ్లీ, ఆయన్నే చూస్తూ చెప్పాను.