గుక్కపట్టిన ఇంజిన్

సల్హా కాపురమంతా ఇంజిన్ల మోతలోనే గడిచింది. పెళ్లయి ఎడారి ఊరు ధైద్‌లోని ఆ ఇంట్లో కాలు పెట్టిన వారానికే భర్త ముసబ్బా వంటింటి గోడకు ఆనించి రేకుల షెడ్డు వేశాడు. ఆమె ఈవైపు రగాగ్ రొట్టెలు కాలుస్తుంటే ఆయన ఆవైపు పెట్రోలు బండి గుండె విప్పి పరిచేవాడు. శుక్రవారం వస్తే ఆ బండి వేసుకుని ఊరవతల ఎర్ర ఇసుకదిబ్బ ఎక్కడానికి వెళ్లేవాడు. ఆ దిబ్బను చుట్టుపక్కల వాళ్లు ముసలిది అంటారు. అది ఎవరినీ ఊరికే నెత్తికెక్కించుకోదు. వెళ్లేముందు ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు ముసబ్బా: "చూసొస్తాను."

ఒక శుక్రవారం ఆ మాట అనే వెళ్లాడు. దిబ్బకు సగం ఎత్తులో చిన్న మెట్టులాంటిది ఉంది. అక్కడ పెడల్ మీంచి కాలు తీసి మళ్లీ తొక్కాలి. ఆయన తీశాడు, తొక్కాడు. ఇంజిన్ అందుకోలేదు. అలా ఆగిపోతే స్టీరింగు కదపకుండా నిటారుగా వెనక్కి జారి రావాలని అక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. ముసబ్బాకు తెలియదా? తెలుసు. అయినా చెయ్యి తిరిగిపోయింది. బండి అడ్డం తిరిగి దొర్లింది. ఇంటికి ఆయన తలగుడ్డ ఒక్కటే వచ్చింది, ఇసుకతో నిండి.

అది జరిగి రెండు శీతాకాలాలు దాటింది. ఇప్పుడు ఆ షెడ్డులో కొడుకు దాహీ కూర్చుంటున్నాడు. అదే బండి. సొట్టలు తీయించి రంగు వేయించాడు. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టాల గుత్తిని వాళ్లు మానిఫోల్డ్ అంటారు. పాతది పీకి, పొట్ట పెద్దగా, గొట్టాలు పొట్టిగా ఉన్న కొత్తది బిగించాడు. రెంచీ చప్పుడు వినపడ్డప్పుడల్లా సల్హా చేతిలో గరిటె ఆగిపోయేది.

"అమ్మా, రేపు దాదుల్లా బాబాయ్ షెడ్డులో టెస్టు. బండిని రోలర్ల మీద కట్టి పరిగెత్తిస్తాం. కదలకుండానే పరుగు. నీకేం భయం?"

"నేనూ వస్తా."

"నువ్వెందుకు? అక్కడంతా నూనె, మగాళ్లు."

"మీ నాన్న బట్టలు ఇరవై ఏళ్లు ఉతికాను. నూనె నాకు కొత్తా?"

దాదుల్లా బలూచీ మెకానిక్కు. ముసబ్బాకు ప్రాణస్నేహితుడు. రెండు మానిఫోల్డులనూ ఒకే పూట, ఒకే ఎండలో పరీక్షించకపోతే అది పరీక్షే కాదంటాడు. పొద్దున మళ్లీ పాతది పెట్టి పరిగెత్తించి, ఇంజిన్ చల్లారాక దాహీ చేతే కొత్తది బిగింపజేశాడు. పట్టీలతో కట్టేసిన బండి నిలుచున్న చోటే అరవసాగింది. షెడ్డు రేకులు వణికాయి. సల్హాకు పట్టీలు తెంపుకుని అది తన మీదికే దూకుతుందేమో అనిపించింది. గోడకు అతుక్కుపోయి అబాయా అంచు నోట్లో కుక్కుకుంది.

కంప్యూటర్ తెర మీద రెండింటి గీతలు వచ్చాయి. కొత్త గీత పైన ఉంది.

"చూశావా బాబాయ్! పవర్ ఎలా లేచిందో! తక్కువ వేగంలో లాగే బలం, టార్క్ కూడా తగ్గలేదు. పొట్టి గొట్టాలు పెడితే అడుగున లాగదన్నావు, ఇప్పుడేమంటావు?"

"ఒప్పుకున్నాను, నా గడ్డం గొరిగించుకుంటా. కానీ ఇది కూడా విను." దాదుల్లా పెడల్ మీంచి కాలు తీసి మళ్లీ నొక్కాడు. ఇంజిన్ గుక్కపట్టిన పసిబిడ్డలా ఒక్క క్షణం నోరు తెరిచి ఉండిపోయి, తర్వాతే ఏడుపు అందుకుంది.

"పొట్ట పెద్దది కదా, నిండటానికి అర క్షణం పడుతుంది. అంతే."

"ఆ అర క్షణంలోనే మీ నాన్న..." దాదుల్లా సల్హాను చూసి మాట మింగేశాడు. ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతోందేమోనని అతుకులన్నిటి మీదా కన్నం పట్టిచ్చే మందు చల్లి చూశాడు. చెయ్యి పోయినంత మేరా ఏమీ దొరకలేదు. "కారణం తెలియని జబ్బుతో ముసలిదాని దగ్గరికి పోకూడదురా. పాతది బిగించుకో. ఈ శీతాకాలానికి దిబ్బ మాట మర్చిపో."

దాహీ చేతిగుడ్డ విసిరికొట్టి బండి పట్టీలు విప్పసాగాడు. సల్హా మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఒక శీతాకాలం గడిస్తే పిల్లాడికి పెళ్లి చేయొచ్చు. పెళ్లయితే బుద్ధి మారొచ్చు.

నలుగురి కళ్లు పడ్డ బండికి ధూపం వేయకుండా ఆ ఇంట్లో ఉంచరు. ఇంటికి రాగానే దాహీ ఇంజిన్ ఆపకుండా, బానెట్ ఎత్తిపెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. సల్హా నిప్పుల మీద ఊద్ సుగంధపు చెక్కముక్క వేసి బండి చుట్టూ తిప్పింది. దాదుల్లా చూస్తే నిప్పుతో ఇంజిన్ దగ్గరికా అని గోలపెట్టేవాడు. బానెట్ దగ్గరికి వచ్చేసరికి పొగ పైకి లేవలేదు. వంగింది. సన్నటి తాడులా సాగి, గొట్టాల వెనక, లోపలి గోడకు ఆనుకున్న మూలలోకి పోయింది. పోయింది పోయినట్టే ఉంది, తిరిగి రాలేదు.

జిన్ను తాగుతోందేమో అనుకుంది. ఖురాన్ ఆయత్ చదువుకుని ధూపం పక్కకు జరిపింది. పొగ లేచింది. మళ్లీ దగ్గరికి పెట్టింది. వంగి అదే మూలకు పోయింది. అప్పుడు అర్థమైంది. జిన్నూ లేదు, భూతమూ లేదు. అక్కడ కన్నం ఉంది. దాదుల్లా చెయ్యి అందని చోట ఇంజిన్ దొంగగాలి పీలుస్తోంది.

"అయిందా అమ్మా?"

"అయింది," అంది సల్హా.

అంతకుమించి చెప్పలేదు. చెబితే ఆ కన్నం పూడ్చేస్తారు. పూడిస్తే ఇంక అడ్డేమీ ఉండదు, కొడుకు దిబ్బెక్కుతాడు. చెప్పకపోతే ఇంట్లో ఉంటాడు. ఆ ఒక్క పొగతాడు మీద కొడుకు ప్రాణం వేలాడుతున్నట్టూ, దాని రెండో కొస తన చేతిలోనే ఉన్నట్టూ అనిపించింది. ఎటు లాగాలో తెలియక రాత్రి కన్ను మూతపడలేదు.

మర్నాడు శుక్రవారం. నమాజు నుంచి వచ్చి దాహీ చేప అన్నం రెండు ముద్దలు కెలికి లేచాడు. వీధిలో స్నేహితుల బండ్లు హారన్లు కొడుతున్నాయి. షెడ్డులో పాత మానిఫోల్డు పెట్టిన చోటే పడి ఉంది. కొత్తది విప్పలేదు.

"ఎక్కడికిరా?"

"చూసొస్తానమ్మా."

ముసబ్బా అన్న మాటే అది. సల్హా చెప్పుల్లేకుండా పరిగెత్తి గేటు మధ్యలో నిలబడింది. అప్పటికే బండి కదిలించిన దాహీ సడన్ బ్రేకు వేశాడు.

"పిచ్చా నీకు? తగిలేది!"

"దిగు. ఇంజిన్‌కు కన్నం ఉంది. వెనక మూలన. నిన్న ధూపం పొగ అందులోకి పోవడం నా కళ్లతో చూశాను."

దాహీ దిగి ఆమె ముఖంలోకి చూశాడు. "నిన్న చూశావా? మరి నిన్ననే చెప్పలేదేం?"

"చెబితే వెళ్తావని."

"చెప్పకపోతే ఏమయ్యేది?"

"చెప్పకపోయినా పోతూనే ఉన్నావుగా, దిక్కుమాలినోడా!" అని అక్కడే మట్టిలో కూలబడింది. అతను ఇంజిన్ ఆపి, ఆమెను చెయ్యిపట్టి లేపాడు. తర్వాత ఫోన్ తీసి దాదుల్లాను పిలిచాడు.

దాదుల్లా వచ్చి, సల్హా మళ్లీ ధూపం పట్టుకొస్తే ముందు నిప్పులు చూసి తిట్టాడు, ఆ తర్వాత పొగ చూసి నోరు మూసుకున్నాడు. మానిఫోల్డ్ విప్పితే వెనక చివర, గాలి దూరకుండా అతుకు మధ్య వేసే గాస్కెట్ మడతపడి కనిపించింది. బిగించేటప్పుడు అది మడిచినవాడు దాహీయే. తల వంచుకున్నాడు. కొత్త గాస్కెట్ తెచ్చి వేసి, మళ్లీ రోలర్లు ఎక్కించేసరికి వారం గడిచింది. ఈసారి కాలు తీసి తొక్కితే ఇంజిన్ తడబడకుండా అందుకుంది.

"ఇంక వాణ్ని ఆపడానికి నా దగ్గర సాకు లేదు వదినా," అన్నాడు దాదుల్లా. "నీ దగ్గరుంటే చెప్పు."

ఆమె దగ్గర భయం తప్ప ఏమీ లేదు. భయం సాకు కాదని ఆ ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది.

ఆ శుక్రవారం సల్హా ముసలిదాని కాళ్ల దగ్గర చాప పరుచుకుని కూర్చుంది. భర్త పోయాక అటువైపు తల తిప్పిందే లేదు. దాహీ ఇసుకలో కూరుకోకుండా టైర్లలో గాలి తగ్గించాడు. ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి బండెక్కాడు. ఇంజిన్ అరిచింది. ఇసుక లేచింది. సగం ఎత్తులో అరుపు ఒక్కసారిగా తెగిపోయింది. సల్హా కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో తన గుండె కూడా ఆగిపోయిందనుకుంది. మళ్లీ అరుపు లేచింది. పైకి పోయింది, ఇంకా పైకి, ఆ తర్వాత దిబ్బ అవతలకు జారి వినపడకుండా పోయింది.

"ఎక్కేశాడు!" అని ఎవరో కేక వేశారు.

దాహీ దిబ్బ చుట్టూ తిరిగి వచ్చాడు. ముఖమంతా ఇసుక, పళ్లు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి.

"చూశావా అమ్మా?"

"లేదురా. కళ్లు మూసుకున్నా."

"అంత కష్టపడి ఎక్కితే కళ్లు మూసుకుంటావా! ఇంకోసారి ఎక్కుతా. ఈసారైనా చూడు."

వద్దనడానికి ఆమె నోరు తెరిచేలోపే బండి వెనక్కి తిరిగి దిబ్బ అడుగుకు పోయింది. సల్హా చాప అంచు రెండు చేతులతోనూ పట్టుకుంది. ఈసారి కళ్లు మూయలేదు.