పెద్దమ్మ ముందు నడిచిన చుట్లు

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దుగూకే వేళ అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్ చేసింది. "మీ పెద్దమ్మ పోయింది బిడ్డా" అంది. ఎప్పటిలాగే వాడ ఆడవాళ్ళు ఒకరి వెనుక ఒకరు తాళం వేసిన ఆ ఇంటి చుట్టూ తిరుగుతున్నారట. అందరికంటే ముందు మా పెద్దమ్మ. మూల తిరిగాక ఆమె కనబడలేదు. "ముంగట్నే ఉన్నదనుకున్నం. ఆమె నడక జోరు గదా. ఇంకో సుట్టు గూడ తిరిగినం" అంది అవ్వ. రెండోసారి వచ్చినప్పుడు చూస్తే, వెనుక తలుపు సందులో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గుండె ఆగిపోయింది. మొదటిసారి వాళ్ళు ఆమె పక్క నుంచే పోయారు. ఒక్కరి కంటికీ ఆనలేదు.

మా వాడ కరీంనగర్ నుంచి బస్సులో గంటసేపు. మగవాళ్ళు మరమగ్గాల మీద, ఆడవాళ్ళు బీడీల మీద బతుకుతారు. పొద్దున చాట ఒడిలో పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి తిండికి తప్ప లేవదు. పెద్దమ్మకూ మా అవ్వకూ నడుమ ఇంకో చెల్లె ఉండేది. ఆమెకు దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే మొలలే అనుకుని ఏడాది పాటు ఆకు పసర్లు తాగింది. ఆస్పత్రికి తీసుకుపోయేసరికి పెద్దపేగు క్యాన్సర్ కాలేయం దాకా పాకింది. ఆమె పోయిన ఇల్లే ఆ తాళం వేసిన ఇల్లు.

డాక్టరు అప్పుడే అక్కచెల్లెళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఇది ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళూ పరీక్ష చేయించుకోవాలి, రోజంతా కదలకుండా కూర్చోవడం కూడా మంచిది కాదు, రోజూ చురుగ్గా నడిస్తే ముప్పు తగ్గుతుంది అని. పెద్దమ్మ పరీక్ష చేయించుకుంది. అవ్వ భయపడి దాటేసింది.

మర్నాటి నుంచి వాడకు పెద్దమ్మ పోరు మొదలైంది. పది కట్టలు కట్టగానే చాట పక్కన పెట్టి లేచేది, అందరినీ లేపేది. "అది కూసున్నోళ్ళ ఒడి సూస్కుంట వస్తది. లేవుండ్రి" అనేది. విన్నవాళ్ళు చాటలు దించేవాళ్ళు. నడిస్తే ఇక రాదా అని ఎవరన్నా అడిగితే మాత్రం అబద్ధం చెప్పేది కాదు. "రాదని డాక్టర్ సెప్పలే. వచ్చే తొవ్వ ఇరుకైతదని సెప్పిండు" అనేది. డాక్టరు ఆ మాట అనలేదని నాకు తెలుసు, ఆస్పత్రిలో నేనూ ఉన్నాను. కానీ ఆమె మాటే బాగుంది.

నడిచేటప్పుడు ముచ్చట్లు పెట్టొద్దని ఆమె హుకుం. ముచ్చట్లలో పడితే కాళ్ళు ఆగుతాయట. సందులో లారీలు, కుక్కలు ఉంటాయని చెల్లె ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ జాగాలోనే తిప్పేది. ఒకసారి చలికాలంలో నేనూ చూశాను. కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పొగమంచులో ఎనిమిది మంది ఆడవాళ్ళు నోరు మెదపకుండా చచ్చిపోయిన మనిషి ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా వాళ్ళేనని తెలిసి కూడా దగ్గరికి పోలేకపోయాను.

ఇక పరాయివాళ్ళ సంగతి చెప్పాలా? మంత్రాలు చేస్తున్నారని పక్క వాడలో గుప్పుమంది. ఒక పొద్దున ఆ ఇంటి ముందు పసుపు, కుంకుమ, అయిదు నిమ్మకాయలు ఉన్నాయి. ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. పెద్దమ్మ నిమ్మకాయలు తీసి, కడిగి, చెంబెడు నీళ్ళలో పిండి, ఉప్పేసి, ముందు తాను తాగింది. "గింత మంచి కాయలు మట్టిల పారేస్తరా? జర సల్లగుంటది, తాగుండ్రి" అని తలా ఇంత పోసింది. రేపు చస్తామేమోననుకుంటూనే తాగామని అవ్వ ఇప్పటికీ చెబుతుంది.

నేను ఆమెకు రుణపడింది ఆ నడకలోనే. రెండేళ్ళ కింద ఒక సాయంత్రం అవ్వ సగం చుట్టుకే ఆయాసపడి ఆగింది. పెద్దమ్మ వెనక్కి వచ్చి అవ్వ కంటి రెప్ప కిందికి లాగి చూసింది. తెల్లగా పాలిపోయి ఉంది.

"ఎన్ని దినాల సంది పోతుందే రక్తం?"

"మొలలే అక్కా."

"అది గూడ గిదే మాటన్నది" అంది పెద్దమ్మ, తాళం వేసిన తలుపు వైపు చూస్తూ.

మర్నాడే నా దగ్గరికి, కరీంనగర్ ఆస్పత్రికి తీసుకొచ్చింది. గడ్డ ఇంకా పేగు దాటలేదు. కోసి తీసేశారు, అవ్వ బతికింది. నడిచినా వచ్చింది కదా అని వాడలో ఎవరో దెప్పితే, "నడిసింది గనుకనే ఆయాసం దొరికింది" అందట. అవ్వ కోలుకున్నాక మళ్ళీ వరుసలో నిలబెట్టిందీ ఆమే. ఆ మనిషి లేకపోతే నాకు అవ్వ లేదు.

పెద్దమ్మ దినాలు అయిన సాయంత్రం వాడ ఆడవాళ్ళెవరూ చాట దించలేదు. ఇప్పుడు ఆ ఇంటిలో ఒకరు కాదు, ఇద్దరున్నారని గుసగుస. అవ్వ కూడా తల ఎత్తలేదు. ఇంతటితో అంతా ఆగిపోతుందని, ఆ చాట ముందే అవ్వ కూడా అయిపోతుందని నాకు గుబులు పుట్టింది. లే అని నోటిదాకా వచ్చింది కానీ, చావు ఇంటి చుట్టూ తిరగమని కన్నతల్లికి ఎట్లా చెప్పను?

కొంతసేపటికి అవ్వ తనే లేచింది. ఒళ్ళోని పొగాకు పొడి దులుపుకుని ఒక్కతే ఆ జాగాలోకి పోయింది. మూల తిరిగింది. ఇంటి వెనుక నుంచి రావలసిన సమయం దాటింది. నేను చెప్పులు కూడా లేకుండా పరుగెత్తబోయాను. అప్పుడు అవతలి మూల నుంచి వచ్చింది. కడుపు మీది కుట్ల మచ్చ మీద ఒక చెయ్యి ఆనించుకుని, తల కొంచెం పక్కకు తిప్పి, పక్కన ఎవరూ లేకపోయినా ఎవరికో మెల్లగా ఏదో చెబుతూ వస్తోంది. నన్ను దాటుకుని, నన్ను చూడకుండానే, మళ్ళీ మూల తిరిగింది.