ఉండాది, ఏ మీటైనా నొక్కండి

నిన్న నేను చేసిన నిర్వాకం వింటే, ఇప్పిస్తానన్న టీ కూడా ఇప్పించరు మీరు!

మా తిరుపతి కాలేజీలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్. నాది టెంపరరీ పోస్టు. స్విచ్ వేయగానే కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం సొంతంగా రాసి చూపిస్తే, పర్మనెంట్ చేయమని పైకి రాస్తానన్నారు ప్రిన్సిపాల్. రాసి ఫ్లాపీలో ఎక్కించాను. నిన్నే చూపించాను. నా ఖర్మ!

ఆ ప్రోగ్రాం లేవగానే ఇంటరప్ట్ కంట్రోలర్ అనే చిప్ ఉందో లేదో కనుక్కోవాలి. మనం మీట నొక్కితే ప్రాసెసర్‌ను "ఇటు చూడప్పా" అని పిలిచేది అదే. కనుక్కోవడం తేలికే. దానికో నెంబర్ ఇచ్చి తిరిగి అడగాలి. అదే నెంబర్ వస్తే చిప్ ఉన్నట్టు. ఇచ్చాను, వచ్చింది. చిప్ ఉందని స్క్రీన్ మీద సరదాకి ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే రాయించాను: "ఉండాది. ఏ మీటైనా నొక్కండి."

ప్రిన్సిపాల్ నొక్కారు. ఉలుకూ పలుకూ లేదు. నేను నొక్కాను. ఒక్కటి మిగల్చకుండా అన్నీ నొక్కాను. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు కనబడింది, మొన్న ఆయుధపూజకు అటెండర్ మునెయ్య కీబోర్డుకు పెట్టిన కుంకుమ. ఇంకేముంది, మీటల సందుల్లో కుంకుమ పోసి నా ఉద్యోగం తీశావని అతని మీద పడ్డాను.

"నేను అంచుకే పెట్టినాను సార్" అన్నాడు పాపం.

కీబోర్డు తిరగేసి దులిపితే కాస్త కుంకుమ, నాలుగు బొరుగులు రాలాయి. కంప్యూటర్ ఆపి, మామూలు ఫ్లాపీతో లేపాను. మీటలన్నీ పనిచేశాయి! చూశావా అన్నట్టు మునెయ్య వైపు చూసి, దర్జాగా మళ్ళీ నా ఫ్లాపీ పెట్టాను.

"ఉండాది" అంది. మీటలు మళ్ళీ చచ్చాయి.

అప్పుడు వెలిగింది నాకు. నేనిచ్చిన ఆ నెంబరుకు అర్థం, ఏ మీట పిలిచినా ప్రాసెసర్‌కు చెప్పొద్దని. చిప్ బుద్ధిగా విన్నది. పరీక్ష అయ్యాక ఆ ఆర్డరు వెనక్కి తీసుకోవడం నేనే మరిచాను. మునెయ్యకు సారీ చెప్పి, పోస్టు సంగతి నసుగుతూ అడిగాను.

ప్రిన్సిపాల్ నవ్వలేదు. "నువ్వు ఈడ ఉండాలో వద్దో మేమూ కనుక్కోవాల కదప్పా, సూస్తాంలే" అని వెళ్ళిపోయారు.

స్క్రీన్ మీద మాత్రం "ఉండాది" అని అలాగే వెలుగుతోంది. మా ఇద్దరిలో పర్మనెంట్ అయింది అదొక్కటే.