అత్త దగ్గిన రోజు

నా చిన్నప్పుడు, పదో ఏడు నడుస్తుండగా, ఎడమ మోచేతి కింద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ ఒకటి వచ్చింది. దురద లేదు, మంట లేదు. ముందు చూసింది మా బడి పంతులుగారు. ఏ జబ్బూ లేదని ఆసుపత్రి కాగితం తెస్తేనే బళ్ళోకి రానిస్తానని ఇంటికి పంపేశారు. కుష్ఠును మా నాగావళి ఒడ్డు ఊళ్ళలో పెద్దరోగం అనేవారు, అదీ గొంతు తగ్గించి. ఆ పేరు పడిన ఇంటివాళ్ళ చేదను నూతిలో దించనిచ్చేవారు కాదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది మా మేనత్త. పొద్దున్నే బైబిలు వాక్యం చదివి, స్తోత్రం చెప్పి గాని పొయ్యి వెలిగించని మనిషి. అంత మనిషినీ భయం పట్టుకుంది. ఆసుపత్రిలో కళ్ళు మూయించి, దూది కొసతో అక్కడా ఇక్కడా తాకి, తగిలిన చోటు చూపించమంటారని ఎవరో చెప్పారట. తాకిన సంగతి తెలియకపోతే ఆ రోగమే అన్నమాట. మూడు రోజులు పెరట్లో కూర్చోబెట్టి నాకు తర్ఫీదు ఇచ్చింది. మచ్చ మీద దూది పెట్టినప్పుడల్లా దగ్గేది.

"నాను దగ్గితే మచ్చ మీద ఎట్టినట్టు. గబుక్కున యేలుతో సూపించీ. ఇన్నావా?"

"నాకు తెలీకపోయినా?"

"తెలీకపోతేనే కదే దగ్గుతాను, తింగరి మొకమా!"

మూడో రోజుకి ఒక్కసారి కూడా తప్పలేదు. అత్త దేవునికి స్తోత్రం చెప్పింది. నన్నూ చెప్పమంది. చెప్పాను గానీ మనసు రాలేదు.

విజయనగరం దాటాక ఉన్న ఒక మిషన్ ఆసుపత్రికి బస్సులో వెళ్ళాం. మండువేసవి. అయినా నాకు పొడుగు చేతుల జాకెట్టే వేసింది. అత్త చీటీ రాయించడానికి కిటికీ దగ్గర నిలబడితే నేను వరండాలో కూర్చున్నాను. అక్కడ ఒక ముసలమ్మ గోడకి ఆనుకుని, అరికాలు వెలుగు వైపు తిప్పుకుని ఉంది. చేతివేళ్ళు సగానికి అరిగిపోయాయి. ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంటున్న మనిషని తర్వాత తెలిసింది.

"ఒసే పిల్లా, నా కళ్ళు మసక. ఇలాగొచ్చి నా కాలు సూడు. ఎర్రగా ఏటైనా ఉన్నాదా?"

వెళ్ళకూడదని తెలుసు. వెళ్ళాను. ఎడమ కాలికి మూడే వేళ్ళున్నాయి. ఒక్కొక్కటీ నేను చూసి బాగుందంటే, "ఉన్నాది, స్తోత్రం" అంటూ తర్వాతి దానికి వెళ్ళేది. మడమ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. తుమ్మముల్లు ఒకటి మొదలంటా దిగి, చుట్టూ రక్తం ఎండిపోయి ఉంది. ఎప్పటినుంచి దాని మీద నడుస్తోందో ఆమెకే తెలియదు. పళ్ళు బిగబట్టి లాగేశాను. ఆమె కాలు కదపనైనా లేదు.

"నొప్పెట్టనేదా మామ్మా?"

"నొప్పే ఉంటే ఇక్కడెందుకుంటానే, మా ఊళ్ళో ఊడ్పులకెళ్ళీదాన్ని!" అని నవ్వింది. నవ్వుతూనే నా జాకెట్టు చేతుల వంక చూసింది. తన సంగతే చెప్పింది. నా వయసులో ఆమెకీ మచ్చే వచ్చిందట. వాళ్ళమ్మ పసుపు రాసి, గాజులు నిండా వేసి దాచిందట. "మాం దాస్తే అదీ దాక్కునే తినేసినాది. ఇప్పుడు బిళ్ళలొచ్చినాయి. నాకప్పుడు నేవు." ఇంతలో అత్త వచ్చి నా రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమంది. బుగ్గ మీద తాకింది, చూపించాను. కుడిచేతి మీద, మెడ మీద, చూపించాను. తర్వాత ఏమీ లేదు. గదిలో గోడగడియారం చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. అప్పుడు అత్త దగ్గింది.

నేర్చుకున్న వేలు దానంతటదే లేచింది. మచ్చ వైపు సగం దూరం వెళ్ళింది కూడా. ఒక్క వేలు ఆనిస్తే కాగితం వస్తుంది, బడి వస్తుంది, మా చేద నూతిలో దిగుతుంది. అత్త మళ్ళీ దగ్గింది, ఈసారి గట్టిగా. ముల్లు దిగినా కదలని ఆ కాలే కళ్ళముందు ఉంది. వేలు దించేశాను.

"అత్త దగ్గిందండి. నాకైతే ఏటీ తెలీనేదు."

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. చాలా సేపు రాసింది. జబ్బు మొదట్లోనే దొరికిందని, రోజూ బిళ్ళ మింగి నెలనెలా వచ్చి చూపించుకుంటే చాలని, అక్కడ ఉండక్కర్లేదని చెప్పింది.

బస్సులో అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఒక్క యేలు సూపిస్తే అయిపోయీది కదే" అని ఒకే ఒక్కమాట అంది. మర్నాడు ప్రార్థనలో ఆమెకు స్తోత్రం అనే మాట రాలేదు. బైబిలు మూసి ఊరికే కూర్చుంది. నాకు వేరే ప్రార్థన ఏదీ తోచక చేతులు గుమ్మం వెలుగులోకి చాచి, ఒక్కో వేలూ చూసి ఉంది ఉందని స్తోత్రం చెప్పుకుంటూ వెళ్ళాను. మచ్చ దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

"దానికీ సెప్పు," అంది అత్త, నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని. "దాసనేదు కదా నువ్వు."

ఆ కాగితం ఎప్పటికీ రాలేదు, నేను మళ్ళీ బడికి వెళ్ళలేదు. అత్తే బైబిలు ముందు పెట్టుకుని నాకు చదువు చెప్పింది. కొన్నేళ్ళు నీళ్ళ కోసం ఏటికి నడిచాం. బిళ్ళలు అయిపోయాయి, జబ్బు పోయింది. మచ్చ ఉన్నచోట స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. పెద్దయ్యాక అదే వరండాలో పనికి చేరి, ముప్పై ఏళ్ళ పైన రోగుల కాళ్ళు కడిగి, చూసి, కట్లు కట్టాను. ఇంతకంటే మంచి పని నాకు దొరికేదని ఏనాడూ అనుకోలేదు.

ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడ్డాను. మనసులో కూడా మొద్దుబారిన చోట్లు ఉంటాయని, అక్కడ ఏం గుచ్చుకుందో మనకు మనంగా తెలియదని ఇన్నేళ్ళలో తెలుసుకున్నాను. అలాంటి చోట చూడడానికి ప్రభువు ఎవరో ఒకరి కళ్ళు పంపుతాడు. ఒక్కోసారి నా కళ్ళనే ఇంకొకరికి పంపుతాడు. పొద్దున్నే ముందుగా ఆ రెండింటికీ స్తోత్రం చెప్పుకుని గాని నేను గుమ్మం దిగను.